ఫ్యూజు ఏల తెగినది?
(ప్రాత స్టీరియో ఆంప్లిఫయరును బాగుచేయుటను గుఱించిన పాఠము)

ఇంటిలో దీపములు హఠాత్తుగా ఆఱిపోయినప్పుడు "ఫ్యూజు పోయినది" అనుట మనమెల్లరము ఎఱిగిన మాటయే. పోయిన దాని స్థానమున మఱియొక తీగను చుట్టి దీపము వెలిగించుకొనుటయు నెఱుగుదుము. కాని ఆ తీగ ఏల తెగినదని విచారించువారు కొలదిమందియే. ఈ సంవత్సరము మన ప్రార్థనాశాలలోని ప్రాత స్టీరియో ఆంప్లిఫయరు చెడిపోగా, దానిని మేమును తొమ్మిదవ తరగతి విద్యార్థులును కలిసి బాగుచేసితిమి. ఆ పనిలో తెలిసికొనిన సంగతులను, అందు మా తప్పిదమును గూడ దాచక, విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఇచట వ్రాయుచున్నాము.

ఫ్యూజు అననేమి?

విద్యుత్ప్రవాహము తీగలో పాఱునప్పుడు తీగ వేడెక్కును. ఈ వేడికిని ప్రవాహమునకును గల సంబంధమును ఇంగ్లండు దేశీయుడైన జేమ్స్ ప్రెస్కాట్ జూల్ అను శాస్త్రజ్ఞుడు 1841వ సంవత్సరమున ప్రకటించెను. ప్రవాహము రెండింతలైనయెడల వేడి రెండింతలు గాదు, నాలుగింతలగును, మూడింతలైనయెడల తొమ్మిదింతలగును, అయిదింతలైనయెడల ఇరువదియైదింతలగును. ఈ సూత్రమును మనస్సున నుంచుకొనినచో ఫ్యూజు యొక్క మర్మమంతయు బోధపడును. పరికరములోని తక్కిన తీగలకంటె ముందుగా కరగునట్టి సన్నని తీగముక్క నొకదానిని ప్రవాహము వచ్చు దారిలో బుద్ధిపూర్వకముగా నమర్చుదురు. ప్రవాహము హద్దు మీఱినచో మొట్టమొదట అదియే కరగి తెగును. దారి తెగుటచేత తక్కిన భాగములు దక్కును.

ఈ ఉపాయము నేటిది కాదు. టెలిగ్రాఫు కార్యాలయములను పిడుగుపాటు నుండి కాపాడుటకై సన్నని తీగలను వాడవలెనని 1847లో ఫ్రాన్సు దేశమున బ్రెగే అను నాతడు సూచించెను. 1890లో అమెరికా దేశమున థామస్ ఆల్వా ఎడిసన్ తన విద్యుత్ పంపిణీ ఏర్పాటులకై ఫ్యూజునకు పేటెంటు పొందెను. నేటి ఇండ్లలో ఎం.సి.బి. అను మీటలు ఫ్యూజుల స్థానమును చాలవఱకు ఆక్రమించినను, పరికరముల లోపల గాజుగొట్టపు ఫ్యూజు నేటికిని తన కొలువు చేయుచునే యున్నది.

ఆంప్లిఫయరు లోపల

స్టీరియో అనునది ఘనమైనదను నర్థము గల గ్రీకు పదమునుండి వచ్చినది. ధ్వనిని కుడి, ఎడమ అను రెండు మార్గములుగా నడిపించి, రెండు స్పీకర్లలో వినిపించుటచేత పాడువారు మన యెదుట అక్కడక్కడ నిలిచియున్నట్లు తోచును. ఈ పద్ధతికి ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లైన్ అను ఇంజనీరు 1931 డిసెంబరులో పేటెంటు కోరెను.

మన ఆంప్లిఫయరులో 230 వోల్టుల కరెంటును ట్రాన్సుఫార్మరు తగ్గించును; డయోడులు దానిని ఏకముఖ ప్రవాహముగా మార్చును; రెండు పెద్ద కెపాసిటర్లు దానిని నిలువచేయును. ఇట్లు ఒక వైపు ధన 35 వోల్టులును, మఱియొక వైపు ఋణ 35 వోల్టులును లభించును. కెపాసిటర్లు చెఱువుల వంటివి; ట్రాన్సిస్టర్లు తూము తలుపుల వంటివి. పాటలోని హెచ్చుతగ్గులను బట్టి ఆ తలుపులు తెఱచుకొనుచు మూసికొనుచు స్పీకరునకు ప్రవాహమును వదలును. ఒక్కొక్క మార్గమున పెద్ద ట్రాన్సిస్టర్లు రెండేసి కలవు: ఒకటి ధనము వైపు, ఒకటి ఋణము వైపు. ఫ్యూజులు మొత్తము అయిదు. కరెంటు లోనికి వచ్చుచోట 2 ఆంపియర్లది ఒకటి; ఒక్కొక్క మార్గమునకు ధనము వైపు ఒకటి, ఋణము వైపు ఒకటి చొప్పున 3 ఆంపియర్లవి నాలుగు.

జరిగిన సంగతి

డిసెంబరు నెలలో ఒకనాటి సాయంకాలము క్రిస్మసు పాటల అభ్యాసము జరుగుచుండెను. కుడివైపు స్పీకరునుండి ధభాలున ఒక చప్పుడు వచ్చినది. పిమ్మట ఆ వైపు పాట వినబడలేదు. రెండు నిమిషములైనను కాకమునుపే స్పీకరు గుడ్డ వెనుకనుండి పొగ వెడలెను. ఆ స్పీకరు క్రింద ఆఱవ తరగతి పిల్లలు కూర్చుండియుండిరి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పరుగున పోయి స్విచ్చు కట్టి ప్లగ్గు లాగివేసినది. దేవుని దయవలన ఎవరికిని హాని కలుగలేదు.

మఱునాడు ఆంప్లిఫయరు మూత తీసితిమి. ఒక బాలుడు తొంగిచూచి, "అయ్యా, కుడివైపు ఫ్యూజు నల్లబడియున్నది. దీనిని మార్చిన చాలునుగదా?" అని యడిగెను. "తొందరపడకుము నాయనా. అయిదింటిని చూచి, ఏది యెట్లున్నదో చెప్పుము," అంటిమి.

తెగిన ఫ్యూజును చదువుట యొక విద్య. గాజు నిర్మలముగా నుండి, లోపలి తీగ నడుమ చిన్న యెడము మాత్రము కనబడినచో ప్రవాహము కొంచెమే హద్దు మీఱినదనియో, తీగ చిరకాలపు వాడుకచేత అలసినదనియో తలంపవచ్చును. గాజు లోపల నల్లగా గాని, వెండిపూత పూసినట్లుగా గాని యున్నచో ఎక్కడనో షార్టు ఏర్పడి, మిక్కుటమైన ప్రవాహము ఒక్కసారిగా పాఱినదని తెలిసికొనవలెను. కుడిమార్గపు ఋణము వైపు ఫ్యూజు ఈ రెండవ విధముగా నుండెను. ఎడమవైపు రెండును, కరెంటు లోనికి వచ్చుచోటి ఫ్యూజును చెక్కుచెదరలేదు. కుడిమార్గపు ధనము వైపు ఫ్యూజును బయటికి తీయగా, దాని పైని ఈ కొననుండి ఆ కొనవఱకు రాగితీగ పోగులు కొన్ని చుట్టబడియుండెను.

"ఇది యెవరు చుట్టిరి?" అని పిల్లలు ఒకరినొకరు అడుగుకొనిరి. దానిని చుట్టినవారము మేమే. కొన్ని సంవత్సరముల క్రిందట వార్షికోత్సవపు రాత్రి నాటకము నడుమ ఆ ఫ్యూజు తెగెను. అంగళ్లు మూసియుండెను, సభ నిండియుండెను. దీపపు వైరునుండి నాలుగు రాగిపోగులు తీసి చుట్టితిమి. నాటకము సాగెను, అందఱును మెచ్చుకొనిరి. తెల్లవాఱగానే సరియైన ఫ్యూజు కొని వేయవలెననుకొంటిమి. తెల్లవాఱెను; పనులలో పడి మఱచితిమి. యంత్రము బాగుగానే పనిచేయుచుండుటచే మరల ఆ మూత తీయలేదు. ఈ మాటను విద్యార్థుల యెదుట ఒప్పుకొని, పిదపనే పాఠము మొదలుపెట్టితిమి.

లెక్క వేసి చూచుట

ధనము వైపు ట్రాన్సిస్టరు లోపల అతుకుకొనిపోయినది. అనగా తూము తలుపు మూసికొనకుండ తెఱచియే నిలిచిపోయినది. అందువలన 35 వోల్టులును నేరుగా స్పీకరు మీద పడెను. 8 ఓములని వ్రాయబడిన స్పీకరుచుట్టకు ఏకముఖ ప్రవాహమునకైన నిరోధము సుమారు 6 ఓములే యుండును. 35ను 6చే భాగించిన దాదాపు 6 ఆంపియర్లు. 3 ఆంపియర్ల ఫ్యూజున్నచో దానిలో ప్రవాహము రెండింతలు, వేడి నాలుగింతలై అది కొలది క్షణములలో తెగియుండెడిది. రాగిపోగులకు 6 ఆంపియర్లు లెక్కయే కాదు. కావున 35ను 35తో గుణించి 6చే భాగింపగా వచ్చు 204 వాటులు వేడిగా మాఱి స్పీకరులోని సన్నని చుట్టను, కాగితపు గరాటును కాల్చినవి. టంకము వేయు కోల సాధారణముగా 25 వాటులది. అట్టి కోలలు ఎనిమిదింటిని కాగితములో నుంచినట్లయినది!

మఱి కరెంటు లోనికి వచ్చుచోటి ఫ్యూజు ఏల తెగలేదని యొక విద్యార్థి యడిగెను. మంచి ప్రశ్న. 204 వాటులను 230 వోల్టులచే భాగించిన ఒక ఆంపియరైనను కాదు. ఆ 2 ఆంపియర్ల ఫ్యూజునకు ఈ యుపద్రవము తెలియనే తెలియదు. ఊరి పొలిమేరయందలి కావలివాడు ఇంటిలోని దొంగను పట్టజాలడు. ఏ దారికి ఆ దారియందే కావలి యుండవలెను. ఋణము వైపు ఫ్యూజు మాత్రము తన ధర్మము నెఱవేర్చినది. అవతలి వోల్టులను అణచుటకై ఋణము వైపు ట్రాన్సిస్టరు పూర్తిగా తెఱచుకొనగా, మిక్కుటమైన ప్రవాహము పాఱి ఆ ఫ్యూజు తెగెను.

బాగుచేసిన క్రమము

మొదటిది. ప్లగ్గు తీసినంతమాత్రమున అపాయము తొలగదు. కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. మన యంత్రములోనివి ఒక్కొక్కటి 4700 మైక్రోఫారడులవి. 100 ఓముల, 10 వాటుల రెసిస్టరును బాగుగా పొదిగిన తీగలతో ఒక్కొక్కదాని కొనలకు వేఱువేఱుగా పది క్షణములు తగిలించితిమి. లెక్కప్రకారము రెండున్నర క్షణములలోనే వోల్టేజి నూటికొక వంతునకు దిగును. అయినను మీటరుతో కొలిచి, ఒక వోల్టునకు లోబడినదని నిశ్చయించుకొనిన పిమ్మటనే చేయి పెట్టితిమి. స్క్రూడ్రైవరును అడ్డము పెట్టి నిప్పురవ్వలు రాల్చుట తగదు.

రెండవది. ఫ్యూజులను గూటినుండి తీసి మల్టీమీటరుతో కొలిచితిమి. కంటికి బాగుగా కనబడు ఫ్యూజు కూడ తెగియుండవచ్చును గనుక కొలువక నమ్మరాదు. పిదప కుడివైపు ట్రాన్సిస్టర్లను ఊడదీసి కొలువగా, రెండింటిలోను కలెక్టరునకును ఎమిటరునకును నడుమ సున్న ఓములే చూపెను. చిన్న రెసిస్టర్లలో ఒకటి పగిలియుండెను. స్టీరియో యంత్రమునందు ఒక గొప్ప సౌకర్యము కలదు: రోగి ప్రక్కనే ఆరోగ్యవంతుడైన కవల సోదరుడుండును! ఏ కొలత సరియో సందేహము కలిగినప్పుడెల్ల ఎడమవైపు అదే చోట కొలిచి పోల్చి చూచితిమి. అదే నంబరు గల క్రొత్త ట్రాన్సిస్టర్లను, వాని క్రింద క్రొత్త అభ్రకపు రేకులను, వేడిని ప్రసరింపజేయు లేపమును అమర్చితిమి.

మూడవది, ఫ్యూజుల నెన్నుకొనుట. ఫ్యూజు టోపీ మీద వ్రాసియున్న గుర్తులను భూతద్దముతో చదువవలెను. "టి" అను అక్షరమున్నది మెల్లగా తెగునది. "ఎఫ్" అను అక్షరమున్నది త్వరగా తెగునది. స్విచ్చు వేసినతోడనే ట్రాన్సుఫార్మరును, ఖాళీ కెపాసిటర్లును ఒక్క క్షణము అధికముగా ప్రవాహమును లాగును. అది దోషము కాదు. ఆ క్షణమును ఓర్చుకొనుటకే కరెంటు వచ్చుచోట "టి" గుర్తు గలది వాడుదురు. ఆంపియర్లు, అక్షరము, వోల్టులు, పొడవు అన్నియు గూటి ప్రక్కను ముద్రించిన విధముగానే యుండవలెను. మన యంత్రమునకు 20 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు గల 250 వోల్టుల ఫ్యూజులు తగును. మోటారుకార్ల కొఱకైన గాజు ఫ్యూజులు 32 వోల్టులకే తగినవి. వానిని ఇంటి కరెంటునకు వాడరాదు.

నాలుగవది. క్రొత్త ఫ్యూజులు వేసి నేరుగా స్విచ్చు వేయలేదు. తీగ వెలుగునట్టి ప్రాత రకపు 100 వాటుల బల్బు నొకదానిని ఆంప్లిఫయరుతో శ్రేణిలో కలిపితిమి. లోపల షార్టు ఇంకను మిగిలియున్నచో బల్బు పూర్తిగా వెలిగి, అర ఆంపియరునకు మించి పోనీయదు. స్విచ్చు వేయగానే బల్బు ఒక్కసారి తళుక్కున వెలిగి, క్రమముగా మసకబాఱెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. కెపాసిటర్లు నిండినవనియు, షార్టు లేదనియు దాని యర్థము.

అయిదవది. స్పీకరు తగిలింపకముందే అది తగులుచోట ఏకముఖ వోల్టేజిని కొలిచితిమి. రెండు వైపులను వోల్టులో నూఱవ వంతులు కొన్ని మాత్రమే చూపెను. ఈ కొలత ముందే తీసికొను అలవాటుండిన యెడల ఎన్నియో స్పీకర్లు దక్కును. తరువాత చిన్న ప్రాత స్పీకరుతో పరీక్షించి, అటుపిమ్మట క్రొత్తదానిని తగిలించితిమి.

కరెంటు ఉన్నప్పుడు చేయవలసిన కొలతలన్నియు మేమే చేసితిమి. విద్యార్థులు దూరముననుండి లెక్కలు వ్రాసికొనిరి. ఈ పాఠమును చదివి ఎవరును ఒంటరిగా ఇట్టి యంత్రముల మూత తీయకూడదు.

తలిదండ్రులకు మనవి

మీ యిండ్లలో ఇంకను పింగాణి ఫ్యూజులున్నచో వాని తీగను ఒకసారి తెలిసినవారిచేత చూపించుడు. మాటిమాటికి తెగుచున్నదని లావుపాటి తీగను చుట్టియున్నచో తీసివేయించుడు. మాటిమాటికి తెగు ఫ్యూజు మనకేదో చెప్పుచున్నది. దాని నోరు నొక్కినయెడల అది చెప్పదలచిన మాటను పొగయే చెప్పును. తెగిన ఫ్యూజును మార్చుట ఒక నిమిషపు పని. అది తెగుటకు గల కారణమును వెదకుట ఒక దినపు పని. రెండవదానిని విడిచి మొదటిది మాత్రమే చేయువాడు యంత్రమును బాగుచేసినవాడు కాడు.

క్రిస్మసు రాత్రి పాటలు ఇరువైపులనుండియు చక్కగా వినబడెను. ఆంప్లిఫయరు మూత లోపల ఏ చోట ఏ ఫ్యూజు వేయవలెనో వ్రాసి అంటించి, ఒక్కొక్క రకమునకు రెండేసి క్రొత్త ఫ్యూజులను చిన్న సంచిలో కట్టి యుంచితిమి. అంగడి మూసియున్నదను సాకు ఇక నెవరికిని లేదు. ఆ రాగిపోగులను మాత్రము పాఱవేయలేదు. సైన్సు గదిలో గాజుసీసాలో నుంచి, క్రింద చీటి మీద వాని కథను మా చేతితోనే వ్రాసితిమి. చూడదలచిన తలిదండ్రులు వచ్చి చూడవచ్చును.