మరమ్మతు, పునరుద్ధరణ: పాత అమెరికన్ మోటారు సైకిలు చెప్పే పాఠం

‘మరమ్మతు’ అనే మాట తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే, అది అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరినదని చెబితే తప్ప విద్యార్థులకు తోచదు. మా మద్దిలపాలెం కూడలి నుండి జాతీయ రహదారి వెంట కొంతదూరం నడిచి, ఏ మోటారు సైకిలు షెడ్డు ముందైనా ఒక పావుగంట నిలబడితే ఇటువంటి మాటలు మరికొన్ని వినవస్తాయి. పని నేర్పేవాడు ఉస్తాద్, నేర్చుకునేవాడు షాగిర్ద్, నట్టు విప్పేది పానా. వాటి పక్కనే సుత్తి, ఆకురాయి అనే మన తెలుగు మాటలు. విప్పబడుతున్నవి ఇంజను, గేరు, క్లచ్చి. మూడు భాషలు ఒకే పనిముట్ల పెట్టెలో కలహం లేకుండా కాపురం చేస్తున్నాయి.

ఐతే మరమ్మతు వేరు, పునరుద్ధరణ వేరు. ఆగిన బండిని తిరిగి కదిలించడం మరమ్మతు. శిథిలమైన బండిని అది పుట్టిననాటి రూపానికి, నాటి నడకకు తీసుకురావడం పునరుద్ధరణ. మొదటిదానికి నైపుణ్యం చాలు. రెండవదానికి నైపుణ్యంతోపాటు చరిత్ర జ్ఞానమూ, తన ఇష్టాన్ని అదుపులో పెట్టుకొనే వినయమూ కావాలి. ఈ భేదాన్ని పాత అమెరికన్ మోటారు సైకిలు ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ బండ్ల పూర్వ కథ

అమెరికాలో మోటారు సైకిలు పరిశ్రమకు రెండు పెద్ద ఇండ్లు ఉండేవి. మొదటిది 1901లో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణంలో మొదలైన ‘ఇండియన్’. ఈ పేరుకూ మన దేశానికీ సంబంధం లేదు. అది అమెరికా ఆదివాసులను ఉద్దేశించిన పేరు. ఆ కర్మాగారంలో తయారీ 1953లో నిలిచిపోయింది. రెండవది 1903లో మిల్వాకీ నగరంలో విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్సన్ అనే మిత్రుల ప్రయత్నంతో ఆరంభమైన ‘హార్లీ డేవిడ్సన్’.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నంపై బాంబులు వేసేనాటికి మిల్వాకీ కర్మాగారం రాత్రింబవళ్లు సైన్యం కోసం పనిచేస్తున్నది. యుద్ధకాలంలో ఆ కంపెనీ దాదాపు 90,000 సైనిక మోటారు సైకిళ్లు తయారుచేసింది. వాటిలో ముఖ్యమైనది డబ్ల్యు.ఎల్.ఎ. అనే రకం. వి ఆకారంలో నిలిచిన రెండు సిలిండర్లు, దాదాపు 740 సి.సి. ఇంజను, మూడు గేర్లు దీని లక్షణాలు. వెనుక చక్రానికి స్ప్రింగులు లేవు. కూర్చునే సీటు కిందనే స్ప్రింగు ఉంటుంది. ట్యాంకు రెండు భాగాలు. ఒకదానిలో పెట్రోలు, మరొకదానిలో ఇంజను నూనె.

యుద్ధం ముగిశాక మిగులు సామాను వేలంలో అమ్ముడుపోయింది. ఢిల్లీలో అటువంటి హార్లీ, ఇండియన్ బండ్ల వెనుకభాగం తొలగించి, రెండు చక్రాల పెట్టె అమర్చి, జనాన్ని ఎక్కించుకొనే ‘ఫట్‌ఫటీ’లుగా మార్చారు. చాందినీ చౌక్ పరిసరాల్లో అవి దశాబ్దాలపాటు తిరిగాయి. కాలక్రమంలో అసలు ఇంజన్లు అరిగిపోగా అనేకం డీజిలు ఇంజన్లతో నడిచాయి. 1990ల చివర కాలుష్య నియంత్రణలో భాగంగా అవి రోడ్డు నుండి తొలగించబడ్డాయి. వాటిని చూసి నవ్వుకోనక్కరలేదు. యుద్ధానికి పుట్టిన యంత్రం ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. అది మరమ్మతు సాధించిన ఘనత. కాని ఆ క్రమంలో అసలు రూపం పోయింది. మరమ్మతుకూ పునరుద్ధరణకూ మధ్యనున్న సంఘర్షణకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగునాట అమెరికన్ బండి ఎప్పుడూ అరుదే. మన ఉస్తాదుల చేయి తిరిగినది 1955 నుండి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డు బుల్లెట్ మీద, 1961 నుండి మైసూరులో తయారైన జావా మీద. కనుక అరుదుగా ఒక పాత హార్లీ చేతికి వచ్చినప్పుడు, తెలిసిన వ్యాకరణంతో తెలియని భాషను చదివే పరిస్థితి ఏర్పడుతుంది.

తాళపత్ర పరిష్కరణతో పోలిక

భాషా విద్యార్థులకు ఈ పని స్వభావం సులువుగా బోధపడాలంటే ప్రాచీన గ్రంథ పరిష్కరణను తలచుకోవాలి. సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలను అచ్చువేయించడానికి ముందు అనేక వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూడవలసి వచ్చింది. ఒక ప్రతిలో అక్షరం చెదలు తిన్నది. మరొక ప్రతిలో లేఖకుడు తన పద్యం చేర్చాడు. పరిష్కర్త పని చక్కని పద్యాన్ని ఎన్నుకోవడం కాదు, కవి రాసిన పద్యాన్ని కనుగొనడం.

పాత బండి కూడా అట్టి ప్రతియే. దానిలో లుప్త భాగాలు ఉంటాయి, పాఠాంతరాలు ఉంటాయి, ప్రక్షిప్తాలు ఉంటాయి. ఒక యజమాని హెడ్‌లైటు మార్చి ఉంటాడు. ఒక మెకానిక్కు దొరకని కార్బురేటరుకు బదులు వేరొకటి బిగించి ఉంటాడు. వీటన్నిటిలోకీ మోసపూరితమైన ప్రక్షిప్తం మెరుగు. యుద్ధకాలపు డబ్ల్యు.ఎల్.ఎ. బండికి సైనిక ఆకుపచ్చ రంగు వేశారు. క్రోమియం మెరుగులకు అందులో చోటు దాదాపు లేదు. మెరిసే వస్తువు శత్రువుకు గురి చూపుతుంది కదా! ఇప్పుడు దానిని అద్దంవలె మెరిపించి పెండ్లి ఊరేగింపుకు సిద్ధం చేస్తే చూపరులకు ఆనందం కలుగవచ్చు. కాని అది వేమన పద్యానికి ప్రబంధ సమాసాలు అతికించినట్లు ఉంటుంది.

కాలనిర్ణయంలో సైతం జాగ్రత్త అవసరం. అమెరికా యుద్ధంలో ప్రవేశించిన తరువాత తయారైన డబ్ల్యు.ఎల్.ఎ. బండ్లన్నిటికీ, అవి ఏ సంవత్సరానివైనా, ‘42’తో మొదలయ్యే సంఖ్యనే వేశారు. కాబట్టి సంఖ్యను చూసి 1942 నాటిదని తీర్మానించడం తొందరపాటు. ఇతర భాగాల సాక్ష్యం కూడా తీసుకోవాలి. అంతేకాక ఆ రోజుల్లో హార్లీకి గుర్తింపు సంఖ్య ఇంజను పెట్టె మీదనే ఉండేది. పగిలిన ఇంజను పెట్టెను పారవేస్తే బండి తన పేరును కోల్పోయినట్లే.

పని జరిగే క్రమం

పునరుద్ధరణలో మొదటి పనిముట్టు పానా కాదు, నోటుపుస్తకం. ఒక్క నట్టు విప్పకముందే బండిని అన్ని వైపుల నుండి ఫోటో తీయాలి. ఏ తీగ ఎటు పోతున్నది, ఏ వాషరు ఏ బోల్టు కింద ఉన్నది రాసుకోవాలి. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. ఆరు నెలల తరువాత బిగించే రోజున జ్ఞాపకశక్తి ఎంత బలహీనమైనదో అప్పుడు తెలుస్తుంది.

రెండవ మెట్టు కొలతల భేదాన్ని గుర్తించడం. అమెరికన్ పానా మీది అంకె నట్టు తల వెడల్పును అంగుళాల్లో చెబుతుంది. బ్రిటిషు విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు కాడ మందాన్ని చెబుతుంది. కాబట్టి ‘అర అంగుళం’ అని చెక్కి ఉన్న రెండు పానాలు ఒకటి కావు. మర చుట్ల కోణం కూడ వేరు: విట్‌వర్త్‌కు 55 డిగ్రీలు, అమెరికన్ మరకు 60 డిగ్రీలు. నేడు మనకు సులభంగా దొరికే మిల్లీమీటరు పానాలు ఈ రెండింటికీ సరిగా కూర్చోవు. దగ్గరగా ఉన్నదని ఏదో ఒకటి తగిలించి బలం చూపితే నట్టు మూలలు అరిగి గుండ్రనవుతాయి. బలవంతంగా ఎక్కించిన బోల్టు రంధ్రంలోని మరనే తినివేస్తుంది.

మూడవది ఓర్పు. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనులో పిస్టను బిగుసుకుపోయి ఉంటుంది. ప్లగ్గు రంధ్రం గుండా పలుచని నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి. తరువాత గేరు వేసి వెనుక చక్రాన్ని ముందుకూ వెనుకకూ మెల్లగా కదపాలి. సుత్తి దెబ్బకు కదిలిన పిస్టను తనతోపాటు మరికొన్ని భాగాలను విరుస్తుంది.

సిలిండరు విప్పిన తరువాత ఉస్తాదు చేసే పరీక్ష ఒకటి ఉన్నది. సిలిండరు లోపల పై అంచున గోటితో గీచి చూస్తాడు. గోరు ఒక గట్టుకు తగిలి ఆగితే అరుగుదల ఎక్కువైనదని అర్థం. ఆ అరుగుదల ఎంత, సిలిండరు గుండ్రముగా ఉన్నదా, అండాకారమైనదా అన్నది మైక్రోమీటరు అంకెల్లో చెబుతుంది. గోరు చెప్పినదాన్ని కొలబద్ద రుజువు చేయాలి. కొలబద్ద ఎక్కడ పెట్టాలో గోరు చెప్పాలి. తరగతిగదీ, షెడ్డూ కలిసే స్థలం ఇదే.

విశాఖలో నాల్గవ శత్రువు కూడ ఉన్నది: సముద్రపు గాలి. ఆ గాలిలోని ఉప్పు తడితో కలిసి ఇనుమును తొందరగా తింటుంది. రంగు కింద చిన్న బొబ్బవలె కనిపించే చోట లోపల రేకు చిల్లిపడి ఉండవచ్చు. పెట్రోలు ట్యాంకు విషయంలో ఈ కాలపు ఇంధనం మరొక చిక్కు తెచ్చింది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఎథనాలు పాలు 20 శాతానికి చేరింది. ఎథనాలు తేమను పీలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. కార్బురేటరులో కార్కు బెండుతో చేసిన ఫ్లోటు ఉంటే దానిమీది లక్క పూతను కరిగిస్తుంది. కనుక గొట్టాలను ఈ ఇంధనానికి తట్టుకొనే రకంతో మార్చడం, బండి నిలిచి ఉండే కాలంలో ట్యాంకునూ కార్బురేటరునూ ఖాళీ చేయడం అవసరం. ఇక్కడ గొట్టం మార్చడం ప్రక్షిప్తం కాదు; చదువరి క్షేమం కోరి వేసిన కొత్త అట్టవంటిది. ఏది అట్ట, ఏది పద్యం అన్న వివేకమే పునరుద్ధరణలో ప్రాణం.

నడపడం కూడ ఒక పఠనమే

మన రామకృష్ణా బీచిలో ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా ప్రజలకు చదువు చెబుతున్నది. దానిని తిరిగి సముద్రంలోకి దింపనక్కరలేదు. కాని మోటారు సైకిలు చిన్న యంత్రం. అది నడిచినప్పుడే దాని అర్థం పూర్తి అవుతుంది.

పాత హార్లీ నడపడానికి నేటి అలవాట్లు పనికిరావు. గేరు మార్చేది ట్యాంకు పక్కనున్న కడ్డీతో. అంటే ఒక చేయి హ్యాండిలు వదలాలి. క్లచ్చి ఎడమ పాదం కింద ఉంటుంది. ఎడమ పిడి తిప్పితే స్పార్కు ముందు వెనుకలవుతుంది. కిక్కు కొట్టేముందు స్పార్కును ఆలస్యపు స్థానంలో ఉంచాలి. లేకుంటే కిక్కు ఎదురుతన్ని కాలికి దెబ్బ తగులుతుంది. బ్రేకులు నేటి బండ్లవలె పట్టవు. కాబట్టి ముందున్న వాహనానికి ఎక్కువ ఎడం ఇవ్వాలి, మలుపును దూరం నుండే ఊహించాలి, హెల్మెటు తప్పక ధరించాలి. బస్సులూ ఆటోలూ కిక్కిరిసిన మద్దిలపాలెం కూడలి దీనికి తగిన చోటు కాదు. తెల్లవారుజామున భీమిలి వైపు సాగే సముద్రతీర మార్గం తగినది. అక్కడ ఆ ఇంజను నెమ్మదిగా, తొట్రుపాటు లేకుండా నడుస్తుంటే, 1940లలో ఒక సైనికుడు ఎంత ఏకాగ్రతతో దీనిని నడపవలసి వచ్చిందో శరీరానికే తెలుస్తుంది. ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

చట్టం చూపిన దారి

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్లు దాటి, మూల రూపంలో ఉండి, చాసిస్‌లో గాని ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరగని రెండు, నాలుగు చక్రాల వాహనాలు ‘వింటేజ్’గా గుర్తింపు పొందుతాయి. వాటి సంఖ్యలో ‘వి.ఏ.’ అనే అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. పది సంవత్సరాలు చెల్లుబాటు. ఇట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం, నిర్వహణ అవసరాలకు మాత్రమే రోడ్డుపైకి తేవాలి. నిత్య ప్రయాణానికీ, కిరాయికీ కాదు. మూల రూపం అనే మాటను చట్టమే గౌరవించడం గమనింపదగినది. పని మొదలుపెట్టకముందే కాగితాల్లోని సంఖ్యలూ బండిమీది సంఖ్యలూ సరిచూసుకోవాలి. సంఖ్యలను చెరిపి కొత్తగా కొట్టించడం పునరుద్ధరణ కాదు, నేరం.

ఉస్తాదు విద్యను కాపాడుకొందాం

ఇక అసలు విషయానికి వద్దాం. పాత బండి దొరకవచ్చు. విడిభాగాలను విదేశాల నుండి తెప్పించవచ్చు. కాని గోటితో సిలిండరును చదివే ఉస్తాదు మరలిరాడు. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి, ఏ బేరింగు మూలుగుతున్నదో చెప్పగల మనిషి తన విద్యను ఎక్కడా రాసిపెట్టలేదు. అది ఒక షాగిర్ద్ చేతిలోకి దిగితేనే బ్రతుకుతుంది. నేటి బండ్లలో లోపాన్ని కంప్యూటరు చెబుతున్నది; షాగిర్ద్‌ల సంఖ్య తగ్గుతున్నది.

మన ఇండ్లలో ఒక బెదిరింపు ఉన్నది: “చదవకపోతే మెకానిక్ షెడ్డులో పెడతాను!” ఈ మాట రెండు అన్యాయాలు చేస్తున్నది. షెడ్డులో చదువు లేదని పిల్లవానికి నేర్పుతున్నది. తన తండ్రియో మేనమామయో అదే షెడ్డులో పనిచేస్తుంటే, వారిని చూసి సిగ్గుపడమని కూడ నేర్పుతున్నది. మన కళాశాలవంటి చోట ఈ రెండవ అన్యాయం మరింత బాధాకరం. చేతి విద్యను విద్య కాదన్న సమాజం తన సగం జ్ఞానాన్ని తానే పారవేసుకొంటుంది.

దీనికి భాషా విద్యార్థులు చేయదగిన పని ఒకటి ఉన్నది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువడింది. రైతు నోటి మాట నిఘంటువులో చేరదగినదని అది నిరూపించింది. ఆ మార్గంలోనే మన విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఉస్తాదు వద్ద కొన్ని సాయంత్రాలు కూర్చోవాలి. ఏ భాగాన్ని ఏమంటారు, ఏ శబ్దం ఏ రోగానికి గుర్తు, ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నవి ఆయన మాటల్లోనే రాసుకోవాలి. ఉర్దూ తెలిసినవారు తెలుగువారికీ, తెలుగు తెలిసినవారు ఉర్దూవారికీ అర్థాలు చెప్పుకోవాలి. పాత హార్లీయే దొరకనక్కరలేదు. పెరట్లో తుప్పుపట్టిన పాత బుల్లెట్టో, జావాయో ఐనా చాలు.

బండిని మూల రూపానికి తేవడం పునరుద్ధరణ. దానిని తేగల చేతికి తగిన గౌరవం ఇవ్వడం అంతకంటె పెద్ద పునరుద్ధరణ. ఈ రెండవ పనికి పానా అవసరం లేదు. ఒక కలం, ఒక నోటుపుస్తకం, ఉస్తాదు ముందు పీట వేసుకొని కూర్చునే వినయం ఉంటే చాలు. అవి మన విద్యార్థులకు ఉన్నవని మేము విశ్వసిస్తున్నాము.