నాలుగు బోల్టుల మీద ఒక ప్రాణం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. మేమిద్దరం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, మెకానికల్ డిప్లొమా చేసి, విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాళ్లం. అందుకే మాకు తెలిసిన పని గురించే రాస్తున్నాం. స్పోర్ట్స్ కారులో రేసింగ్ సీటు బిగించడానికి పట్టాలు ఎలా తయారు చేయాలన్నదే ఈ పాఠం. హంసలదీవి కుర్రాళ్లకు రేసు కారుతో ఏం పని అని నవ్వకండి. ఇందులో ఉన్నదంతా మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనిదే.

మేము చేసిన తప్పు

పనిలో చేరిన కొత్తలో మా షెడ్డుకు ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది. దాన్ని చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద నడపాలని యజమాని కోరిక. పాత సీటు తీసేశాం. కొత్త సీటు బెజ్జాలు కారు నేల మీద బెజ్జాలకు కలవలేదు. పలుచని ఇనుప పట్టీలు వంచి, నేలకు కొత్త బెజ్జాలు వేసి, మామూలు వాషర్లతో బిగించేశాం. సాయంత్రానికల్లా పని అయిపోయిందని సంబరపడ్డాం.

మేస్త్రీ గారు వచ్చి సీటు వీపును రెండు చేతులా పట్టుకుని వెనక్కి గట్టిగా లాగారు. కింద రేకు టప్పుమని పైకి ఉబ్బింది. ఆయన తిట్టలేదు. "దీంట్లో మీ తమ్ముణ్ణి కూర్చోబెడతారా?" అని మాత్రం అడిగారు. మాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే మొత్తం ఊడదీశాం.

ట్రంకు పెట్టె చెప్పే పాఠం

మీ ట్రంకు పెట్టెల్లో పిడి ఊడినదాన్ని ఒకసారి చూడండి. సాధారణంగా అక్కడ రివెట్టు విరగదు. దాని చుట్టూ ఉన్న పలుచని రేకు చిరుగుతుంది. కారు నేల కూడా రేకే. దాని మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బోల్టు ఎంత గట్టిదైనా, బలం అంతా చిన్న వాషరు కింద పడితే రేకు చిరుగుతుంది. కాబట్టి ఆ బలాన్ని వెడల్పుగా పరచాలి. పట్టాల పనిలో అసలు కిటుకు ఇదే.

లెక్క చూద్దాం

వెనక నుంచి గుద్దుకుంటే కూర్చున్న మనిషి బరువంతా సీటు మీదే పడుతుంది. ఆ దెబ్బకు కారు వేగం 0.1 సెకనులో గంటకు 36 కి.మీ. మారిందనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. త్వరణం 10 ÷ 0.1 = 100 మీ/సె². మనిషి, సీటు కలిపి 70 కిలోలైతే, బలం = ద్రవ్యరాశి × త్వరణం = 70 × 100 = 7,000 న్యూటన్లు. ఇది 700 కిలోల పైచిలుకు బరువుతో సమానం. మన దివిసీమ భాషలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు తొమ్మిదికి పైగా ఒక్కసారి వీపు మీద పడ్డట్టు. పైగా ఈ బలం నాలుగు బోల్టులకూ సమానంగా పంచబడదు. దెబ్బ నేలకంటే ఎత్తున తగులుతుంది కనుక కొన్ని బోల్టులు పైకి లాగబడతాయి.

తల మీద 8.8 అని ముద్ర ఉన్న 8 మి.మీ. బోల్టును నిలువుగా లాగితే తెగడానికి సుమారు 29,000 న్యూటన్లు కావాలి. అంటే లోపం బోల్టులో కాదు, దాన్ని పట్టుకున్న చోటులో ఉంటుంది.

నియమాలు

ప్రపంచ మోటారు రేసులకు నియమాలు రాసే సంస్థ ఎఫ్.ఐ.ఏ. దాని నియమాల ప్రకారం సీటును కారుకు నాలుగు చోట్ల, ముందు రెండు, వెనక రెండు, కనీసం 8 మి.మీ. బోల్టులతో బిగించాలి. సీటు ఆధారాలు, అడుగు ప్లేట్లు ఉక్కువైతే 3 మి.మీ., తేలిక మిశ్రలోహానివైతే 5 మి.మీ. మందం తగ్గకూడదు. ఒక్కో ఆధారం కనీసం 6 సెం.మీ. పొడవుండాలి. ప్రతి బిగింపు దగ్గర ఆధారం, కారు నేల, అడుగు ప్లేటు కనీసం 40 చదరపు సెం.మీ. మేర ఆనాలి. అంటే దాదాపు 6.5 సెం.మీ. చదరం.

పని వరుస

1. ముందుగా బ్యాటరీ తీగ విప్పి, ఆ కారు సర్వీసు పుస్తకం చెప్పినంతసేపు ఆగాలి. చాలా కార్లలో సీటు కింద ఎయిర్‌బ్యాగు తీగలు ఉంటాయి. కొన్నింటిలో బెల్టు బకిల్ సీటుకే ఉంటుంది. సీటు తీస్తే అదీ పోతుంది. బెల్టుకు వేరే గట్టి ఏర్పాటు లేకుండా ముందుకు పోకూడదు.

2. నడిపే మనిషినే సీటులో కూర్చోబెట్టి ఎత్తు చూడాలి. హెల్మెట్‌కు, పైకప్పుకు మధ్య ఖాళీ ఉండాలి. స్టీరింగు ఎదురుగా రావాలి.

3. నేల బెజ్జాలు నాలుగూ ఒకే ఎత్తులో ఉండవు. పాత నోటుపుస్తకం అట్టతో నమూనా కత్తిరించి సరిచూసుకున్నాకే ఉక్కు కోయాలి. అట్ట పాడైతే రూపాయి నష్టం, ఉక్కు పాడైతే రోజు నష్టం.

4. సెంటర్ పంచ్ కొట్టి, ముందు చిన్న డ్రిల్లు, తర్వాత పెద్ద డ్రిల్లు వేయాలి. అంచులు ఆకురాయితో నున్నగా చేయాలి. బెజ్జం కలవలేదని సాగదీయకూడదు. సీటు డొప్పకు కొత్త బెజ్జం అసలే వేయకూడదు.

5. కంపెనీ ఇచ్చిన బెజ్జాలనే వీలైనంత వాడాలి. కొత్తది తప్పనిసరైతే నేల కింద అడుగు ప్లేటు పెట్టాలి.

6. కోసిన చోటల్లా ప్రైమరు, రంగు వేయాలి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

7. బిగించాక నట్టు మీద నుంచి ప్లేటు మీదకు రంగుతో ఒక గీత గీయాలి. గీత తెగి కనిపిస్తే నట్టు కదిలినట్టే.

ఇదంతా ట్రాకు కార్ల సంగతి. రోడ్డు మీద తిరిగే బండిలో మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 52 హద్దులు పెట్టింది. ముందు రవాణా కార్యాలయంలో అడగాలి.

తమ్ముళ్లకు ఒక మాట

ఈ విద్యకు చోటు లేదనుకోవద్దు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఇ కార్లు పరుగెత్తాయి. 2007లో మొదలైన బాహా ఎస్.ఏ.ఈ. ఇండియా పోటీలో ఇంజనీరింగ్ విద్యార్థులు తామే బండి తయారు చేసి, తనిఖీ దాటాకే నడుపుతారు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదివే మన పిల్లలూ అటు చూడాలి.

ఆ కారుకు మేము పట్టాలు రెండోసారి చేయడానికి మూడు రోజులు పట్టింది. మేస్త్రీ గారు మళ్లీ లాగారు, రేకు కదల్లేదు. ఆయన ఏమీ అనకుండా టీ తెప్పించారు. ఇప్పటికీ ఏ సీటు బిగించినా ఆయన ప్రశ్నే మాకు కొలబద్ద.

అభ్యాసం: పై లెక్కలో వేగం మార్పు గంటకు 54 కి.మీ. అయితే బలం ఎంత? 10,500 న్యూటన్లు వస్తే పాఠం అర్థమైనట్టే. రాకపోతే స్టడీ అవర్‌లో పక్కవాణ్ణి అడగండి. మేమూ అలాగే నేర్చుకున్నాం.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.