ఒక నది పట్టుకోండి

ఉత్తరాదిలో ఎవరైనా మనల్ని ‘మదరాసీ’ అంటే ఒళ్ళు మండుతుంది. మరి మనం చేస్తున్నదేమిటి? ఇంట్లో పాలరాయి పరిచే రాజస్థానీ, పక్క సైటులో ఇటుక మోసే బిహారీ, గేటు దగ్గర కూర్చునే ఒడియా, అందరూ మనకు ‘హిందీవాళ్ళే’. ఆ ఒడియాకి కూడా మనలాగే హిందీ బయట నేర్చుకున్న భాష అని తట్టదు. మరోపక్క, రాజధానుల పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి చూసి మురిసిపోతాం. వాడికి తెలిసింది క్విజ్, దేశం కాదు.

నేనేదో ఆరితేరినవాణ్ణని కాదు. కొత్తవాళ్ళతో మాట కలపాలంటే ఇప్పటికీ గొంతు పెగలదు. నా హిందీలో ఆడా మగా తేడా ఉండదు. రైల్లో ఎదుటి సీటాయన పలకరిస్తాడేమోనని పేపరు అడ్డం పెట్టుకునే రకాన్ని. నాలాంటివాడికి కూడా పనికొచ్చిన అలవాటు ఒకటుంది. ఒక నదిని ఎంచుకుని, పుట్టినచోటు నుంచి సముద్రం దాకా పటం మీద దాని వెంటే వెళ్ళడం.

ఫోన్లో వద్దు, అందులో నదికంటే ముందు హోటళ్ళు కనిపిస్తాయి. స్కూలు అట్లాసు చాలు. మాది రాజమండ్రి కాబట్టి గోదావరితో మొదలుపెట్టాను. త్ర్యంబకేశ్వర్ మీద వేలు పెట్టి చూడండి. అరేబియా సముద్రం అక్కడికి 80 కిలోమీటర్లే. అయినా నది అటు పోదు, ఇటు తిరిగి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉండడమే కారణం. ఆ వాలు ఒక్కటి బుర్రకెక్కితే కృష్ణ, కావేరి ఎందుకిటే వస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

పైఠణ్ దగ్గర పెన్సిల్ ఆపండి. శాతవాహనుల ప్రతిష్ఠానం అదే, పైఠణీ చీరల ఊరూ అదే. కిందికొస్తే నాందేడ్. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. 1708లో గురు గోవింద్ సింగ్ అక్కడే కన్నుమూశారు. పంజాబ్ ఎక్కడ, గోదావరి ఎక్కడ! నేను వెళ్ళినప్పుడు అక్కడి గురుద్వారా లంగరులో, అంటే ఉచిత భోజనాల బంతిలో, కూర్చుని రొట్టెకి ఒక చెయ్యి చాచాను. వడ్డించే పెద్దాయన పెట్టలేదు, కదల్లేదు. రెండో చెయ్యి వైపు కళ్ళతో చూపించాడు. రెండు చేతులూ దోసిలి పట్టాక రొట్టె పడింది.

బృహస్పతి సింహరాశిలోకి వస్తే ఇదే నదికి నాసిక్‌లో కుంభమేళా, మనకు పుష్కరాలు. 2015లో రెండూ జరిగాయి. మనం మన రేవులే చూసుకున్నాం. గోదావరిలో కలిసే, హైదరాబాద్‌కి నీళ్ళిచ్చే మంజీర సంగతీ అంతే. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక దాటి, నగరం కుళాయిల్లోకి వస్తుంది. కుళాయి తిప్పేవాళ్ళలో ఎందరికి తెలుసు?

ఈ అలవాటుతో నాకు దొరికింది ఒక ప్రశ్న: ‘మీ ఊరు ఏ నది పక్కన?’ పేరు, కులం, జీతం అడగడం కంటే మర్యాదగా ఉంటుంది, బెరుకూ పోతుంది. మా వాచ్‌మన్‌ని అడిగితే ‘తేల్’ అన్నాడు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అట్లాసు పట్టుకెళ్తే అతనూ వాళ్ళావిడా మెట్ల మీద కూర్చుని వెతికారు. సోన్‌పూర్ దగ్గర అది మహానదిలో కలిసేచోట ఆమె వేలు పెట్టింది. అంతకుముందు ఆవిడ నాతో ఒక్క మాటా ఆడింది లేదు.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లోనే రాశాడు, భిన్నమైన మనుషులు సమాన హోదాలో ఒకే పని మీద కలిస్తే దురభిప్రాయాలు తగ్గుతాయని. ఆ తర్వాత చాలా పరిశోధనలు ఇదే మాట అన్నాయంటారు. సమాన హోదా అన్న మాట గమనించండి. మీరు కుర్చీలో, అతను నిలబడి మాట్లాడుకుంటే లెక్కలోకి రాదు.

మిగతావి మీకు తెలిసినవే. సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ తెచ్చిన అనువాద నవలలు చదవండి, పగటి రైలెక్కండి, ఎదుటివాడి భాషలో ‘తిన్నారా’ అనడం నేర్చుకోండి, వెళ్ళినచోట ఇడ్లీ కోసం వెతకడం మానండి. ఇవన్నీ నేను చేస్తున్నానా? సగం. ఇడ్లీ విషయంలో మొన్నమొన్ననే ఓడిపోయాను.

బద్ధకించకండి, అట్లాసు పెద్ద ఖరీదైనదేం కాదు. నేనిప్పుడు నర్మద మీదున్నాను. అమర్‌కంటక్‌లో పుట్టి పడమటికి పోతుంది, ఆ కొండల్లోనే పుట్టిన సోన్ ఉత్తరానికి తిరిగి గంగలో కలుస్తుంది. వింధ్య, సాత్పురాల మధ్య లోయ అట్లాసులో సన్నటి గీతలా ఉంటుంది, వెతకండి. జబల్‌పూర్ వైపు మనుషులెవరైనా తెలిస్తే నాకూ చెప్పండి, అడగాల్సినవి చాలా ఉన్నాయి.