అమెజాన్ తీరపు బడిపిల్లలు – వారెరిగిన అడవి

పరిసరాలను మనిషి ఏ విధంగా గ్రహిస్తాడన్నది భూగోళశాస్త్రానికీ, మనస్తత్వశాస్త్రానికీ ఉమ్మడి విషయము. యీ-ఫూ టువాన్ 1974లో ప్రకటించిన 'టోపోఫీలియా' అనే గ్రంథంలో, ఒక చోటికి వచ్చిన అతిథి చూపునకూ, అక్కడే పుట్టి పెరిగినవాని చూపునకూ గల భేదాన్ని చర్చించాడు. బ్రెజిల్ దేశంలో అమెజాన్ నదీతీరాన నివసించే బడిపిల్లల విషయంలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది.

ఆ తీరవాసులను పోర్చుగీసు భాషలో 'రిబెయిరీన్యు'లంటారు. ఏటిగట్టువారని మనం చెప్పుకోవచ్చును. అక్కడి ఆదివాసులూ, రబ్బరు పాలు తీయడానికి 19వ శతాబ్ది చివర ఈశాన్య బ్రెజిల్ నుండి వచ్చినవారూ కలసిమెలసి ఏర్పడిన సమాజమది.

భాషాధ్యాపకుణ్ణి గనుక నా దృష్టి మొదట మాటమీదికే పోయింది. పాఠ్యపుస్తకంలో ఉన్న మాట 'ఫ్లోరెస్తా'. ఇంటిలో వినిపించేది 'మాతా'. మనకు అరణ్యమూ, అడవీ ఉన్నట్లే. మొదటిది పరీక్షకు వ్రాసే మాట. రెండవది తండ్రి వేటకు పోయే దారి, అసాయి పండ్లు దొరికే చోటు, బ్రెజిల్ గింజలు రాలే చోటు. కనుక పిల్లవాణ్ణి ఏ మాటతో ప్రశ్నించామో దానినిబట్టి జవాబు మారిపోతుంది. ఈ సంగతి గమనించని పరిశీలన ఎంత శ్రమపడి చేసినా ప్రయోజనము తక్కువ.

మనౌస్ నగరం వద్ద నీటిమట్టము ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. పల్లపు నేలలలోని అడవి కొన్ని నెలలపాటు నీటిలోనే నిలుస్తుంది. ఇళ్ళు గుంజలమీద ఉంటాయి. బడికి పడవలో పోవాలి. వరదకాలంలో తంబకీ అనే చేప చెట్ల నడుమకు ఈదివచ్చి, రాలిన రబ్బరు గింజలను గట్టి పళ్ళతో కొరికి తింటుంది. ఆ చేపను పట్టే ఇంటి పిల్లవానికి చెట్టూ, చేపా, అన్నమూ ఒకే సంగతి. పాఠ్యపుస్తకంలోనో, అడవి ఒక పాఠము, నది మరొక పాఠము! ఇంటివద్ద కలసియున్న జ్ఞానాన్ని బడి విడదీస్తున్నదనడం అతిశయోక్తి కాదు.

ఇక కురుపిరా కథ. వెనుకకు తిరిగిన పాదాలు గల ఈ వనరక్షకుడు, అవసరానికి మించి వేటాడేవారిని అడవిలో దారి తప్పిస్తాడట. దీనిని మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చడం సులభమే. కాని ఎంత వేటాడవచ్చునో, ఎక్కడ ఆగాలో ఆ పిల్లలకు తొలిసారి చెప్పినది ఈ కథయే. బొమ్మలు గీయించి పిల్లల భావాలను తెలుసుకొనే పద్ధతి ఒకటున్నది. మంచిదే. అయితే ఉపాధ్యాయుడు మెచ్చే బొమ్మను గీయడం ఏ దేశపు పిల్లలకైనా అలవాటే గదా! అందుచేత బొమ్మతోబాటు పిల్లవాని మాటను కూడ వినాలి. ఆ బొమ్మలో మనుష్యుడున్నాడా, వాని ఇల్లున్నదా అన్నది ముఖ్యముగా చూడదగినది.

బడిని అడవికి దగ్గర చేసే ప్రయత్నాలు లేకపోలేదు. అక్రే రాష్ట్రంలోని షపురి ప్రాంతాన రబ్బరు కార్మికులకై 1981లో ప్రారంభమైన పాఠశాలలలో 'పొరోంగా' అనే వాచకము వాడారు. చీకటిలో రబ్బరు చెట్లవద్దకు పోయేవారు తలకు కట్టుకొనే దీపం పేరది. 1996 నాటి విద్యాచట్టము గ్రామీణ పాఠశాలలు స్థానిక వాతావరణాన్నిబట్టి పనిదినాలను మార్చుకోవడానికి అనుమతించింది. వరద వచ్చినప్పుడు సెలవు, నీరు తీసినప్పుడు చదువు.

కాని చట్టము వరదను ఊహించినంతగా కరవును ఊహించలేదు. 1902 నుండి లెక్కలున్న మనౌస్ వద్ద నీటిమట్టము 2023 అక్టోబరులో 12.70 మీటర్లకూ, 2024 అక్టోబరులో 12.11 మీటర్లకూ దిగజారింది. పడవలు బురదలో నిలిచాయి. ఎన్నో బడులు మూతపడ్డాయి. నీరు అడవిలోనికి వస్తుందనీ, నీటితో చేప వస్తుందనీ పెద్దలు చెప్పిన మాటను ఆ పిల్లలు ఎండిన వాగు గట్టున నిలబడి వినవలసివచ్చింది.