సెరెంగెటి వనయాత్ర

ఆఫ్రికాఖండమునకు తూర్పుదిశయందు టాంజానియా అను దేశము కలదు. ఆ దేశపు ఉత్తరభాగమున, కనుచూపుమేర పచ్చికతో నిండిన మహామైదాన మొకటి వ్యాపించియున్నది. దానిపేరు సెరెంగెటి. పశువులను మేపుకొని జీవించు మాసాయిజాతివారి భాషలో 'అంతులేని నేల' యని దానికి అర్థము. 1951వ సంవత్సరమున ఇది జాతీయవనముగా ఏర్పడినది. దీని వైశాల్యము 14,763 చదరపు కిలోమీటర్లు. 1981లో ఇది ప్రపంచవారసత్వస్థలముల పట్టికలో చేర్పబడినది.

ఇచ్చటి మృగములను చూచుటకై చేయు యాత్రను సఫారీ యందురు. తూర్పు ఆఫ్రికావారి స్వాహిలీభాషలో సఫారీ యనగా ప్రయాణము. ఆ మాటకు మూలము అరబ్బీ. ఉర్దూవారు వాడు 'సఫర్' అను పదమును ఆ మూలమునుండి పుట్టినదే. ఒకప్పుడు సఫారీ యనిన వేటయే. 1909లో, అమెరికాకు అంతకుముందు అధ్యక్షుడుగానుండిన థియోడర్ రూజ్‌వెల్టు తన కుమారునితో తూర్పు ఆఫ్రికాకు వచ్చెను. ఆ యాత్రలో తండ్రికొడుకులు ఐదువందలకు పైగా జంతువులను కూల్చిరి. నేటి యాత్రికుని చేతిలో తుపాకి లేదు. కెమెరా మాత్రమే కలదు. అయినను మృగమునకు కీడు చేయుటకు తుపాకియే కావలెనని లేదు. ఈ సత్యమును యాత్రికులకు నేర్పువాడు మార్గదర్శి.

తెల్లవారుచుండగనే యాత్ర ఆరంభమగును. రాత్రివేళ వనములో బండ్లు నడుపరాదు. పైకప్పు తెఱచి, నిలుచుండి చూచుటకు వీలైన మోటారుబండిలో యాత్రికులు కూర్చుందురు. మార్గదర్శి ముందుగా నియమములను తెలుపును: నియమిత స్థలములందు తప్ప బండి దిగరాదు, బాట విడిచి పచ్చికలోనికి బండిని పోనీయరాదు, బిగ్గఱగా మాటలాడరాదు, ఏ మృగమునకును ఆహారము పెట్టరాదు.

అతడు మైదానమును పుస్తకమువలె చదువగలడు. రాబందులు ఆకాశమున ఒకచోటనే తిరుగుచు దిగుచున్నచో, అచ్చట కళేబరమున్నదని గ్రహించును. జింకలన్నియు మేత మాని ఒకే దిక్కునకు చూచుచున్నచో, ఆ దిక్కున క్రూరమృగము పొంచియున్నదని చెప్పును. మైదానము నడుమ అచ్చటచ్చట నల్లరాతిగుట్టలు దీవులవలె లేచియుండును. ఎండ ముదిరినపుడు సింహములు ఆ రాళ్లపై గుంపుగా శయనించియుండును. దూరమున గొడుగులవంటి తుమ్మచెట్ల తలలపై జిరాఫీలు చిగుళ్లు మేయుచుండును.

సెరెంగెటికి జగద్విఖ్యాతి తెచ్చినది మాత్రము సింహము కాదు, గడ్డిమేయు వైల్డబీస్టు. దాని కొమ్ములు ఎద్దుకొమ్ములవలెను, తోక గుఱ్ఱపుతోకవలెను, గడ్డము మేకగడ్డమువలెను ఉండును. కాని అది లేడిజాతికి చెందినది. ఇవి పదిలక్షలకు పైగా ఉన్నవి. లక్షలకొలది జీబ్రాలును, జింకలును తోడురాగా, ఇవి వానలను అనుసరించి ఏటేట మహాయాత్ర చేయును. ఫిబ్రవరి ప్రాంతమున దక్షిణమైదానములలో ఈనును. పూర్వము అగ్నిపర్వతములు క్రక్కిన బూడిద ఆ నేలను సారవంతము చేసినందున, అచ్చటి పచ్చిక పాలిచ్చు తల్లులకు మిక్కిలి బలకరము. పుట్టిన దూడ కొన్ని నిమిషములలోనే నిలిచి తల్లివెంట పరుగిడును. అట్లు పరుగిడలేనిది దుమ్ములగొండుల పాలగును. దక్షిణమున పచ్చిక యెండగానే మందలు పడమరకును, పిదప ఉత్తరమునకును సాగి, మొసళ్లు నిండిన మారానదిని దాటి, కెన్యాదేశపు మాసాయి మారాను చేరును. సంవత్సరాంతమున వానలు పడగా మరల దక్షిణమునకు తిరిగివచ్చును.

మార్గదర్శియొక్క వివేకము చీతా కనబడినపుడు తేటపడును. కన్నులనుండి నోటివఱకు దిగిన నల్లని చారలచే చీతాను చిరుతపులినుండి గుర్తింపవచ్చును. మన దేశమున ఇది అంతరించినదని 1952లో ప్రకటింపబడెను. 2022లో ఆఫ్రికాలోని నమీబియానుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశమందలి కునోవనమున విడిచిరి. చీతా సాధారణముగా పగటివేళ వేటాడును. అది వాయువేగమున పరుగెత్తగలదు గాని, ఆ వేగమున ఎక్కువదూరము పోజాలదు. ఒక్క పరుగుతో అలసిపోవును. అట్టి సమయమున బండ్లు దానిని చుట్టుముట్టినచో, పొంచియున్న తల్లిని జింక పసిగట్టును, వేట తప్పును, పొదలోని పిల్లలు పస్తుండును. మాసాయి మారాలో జరిగి 2018లో వెలువడిన పరిశోధన యొకటి ఈ విషయమును స్పష్టము చేసినది. యాత్రికులు తక్కువగా వచ్చుచోట్ల తల్లిచీతా సగటున రెండుకు పైగా పిల్లలను పెంచి పెద్దచేయగా, యాత్రికులు కిక్కిఱిసినచోట్ల సగటున ఒక్క పిల్లయైనను దక్కలేదు. అక్కడ తుపాకి పేల్చినవాడెవడును లేడు. చూడవలెనను ఆతురతయే ఆ కీడు చేసినది. అందుచే మంచి మార్గదర్శి బండిని దూరముననే ఆపును. దగ్గఱకు పొమ్మని యాత్రికులు బతిమాలినను, అధికముగా ధనమిత్తుమన్నను అతడు చలింపడు.

వనము నిలుచుట వనమునకు వెలుపలి జనులపైనను ఆధారపడియుండును. పందొమ్మిదవ శతాబ్దపు చివర, తెలుగునాట ముసర యనబడు రిండర్‌పెస్టువ్యాధి తూర్పు ఆఫ్రికాలో వ్యాపించి పశువులను, వైల్డబీస్టులను అసంఖ్యాకముగా చంపెను. పశుసంపద నశించి మాసాయివారు క్షామమున అలమటించిరి. పిమ్మట పరిసరగ్రామములలోని పశువులకు టీకాలు వేయగా, వనములోని వైల్డబీస్టులకును ఆ వ్యాధి సోకుట మానెను. 1961లో రెండున్నర లక్షలుగానున్న వాని సంఖ్య 1977 నాటికి పదిమూడు లక్షలు దాటెను. ఆవుకు చేసిన చికిత్స అడవిమృగమును బ్రతికించెను. 2011లో ఆ వ్యాధి ప్రపంచమునుండి నిర్మూలింపబడినదని ప్రకటించిరి.

ఈ మందల మార్గములను తెలిసికొనుటకు జర్మనీ దేశీయుడైన బెర్న్‌హార్డ్ గ్రిమెక్, అతని కుమారుడు మైఖేల్ చిన్నవిమానమున తిరిగి జంతువులను లెక్కించిరి. 1959 జనవరిలో మైఖేల్ నడుపుచున్న విమానమునకు రాబందు తగులుటచే అది కూలి, ఇరువదినాలుగేండ్ల ఆ యువకుడు మరణించెను. తండ్రి ఆ పనిని విడువలేదు. మైఖేల్‌ను సమీపమందలి గోరోంగోరో పర్వతపు అంచున సమాధిచేసిరి. 1987లో మరణించిన తండ్రి అస్థులును ఆ ప్రక్కనే ఉంచబడినవి. ఆ 1959లోనే, తరతరములుగా ఆ మైదానమున పశువులను మేపిన మాసాయివారు సెరెంగెటిని విడిచి గోరోంగోరో ప్రాంతమునకు పోవలసివచ్చెను. నేటి యాత్రికులు అనుభవించు ఆనందమునకు వారు తమ నేలనే మూల్యముగా చెల్లించిరి. ఆ త్యాగమును మఱచుట న్యాయము కాదు.

ఒకరు ప్రాణమిచ్చి, కొందఱు నేలనిచ్చి నిలిపిన వనమిది. అందు అడుగిడువాడు యజమాని కాడు, అతిథి. అతిథి పిలువని గదిలోనికి పోడు. భుజించువాని విస్తరికి అడ్డుపడడు. ఒక దృశ్యము తనకు దక్కకపోయినను, మృగమునకు దాని ఆహారము దక్కినచో చాలునని తలచువాడే వనమును నిజముగా చూచినవాడు.