తల్లులు కాపలా కాసిన బడి

కెనడా అని ఒక దేశం ఉంది. అమెరికాకు ఉత్తరాన ఉంటుంది. చాలా పెద్ద దేశం. చలి ఎక్కువ. మనవాళ్ళ పిల్లలు కొందరు చదువులకు, కొలువులకు అక్కడికి వెళుతున్నారు.

ఆ దేశంలో ఎక్కువమంది మాట్లాడేది ఇంగ్లీషు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరిది ఫ్రెంచి. ఫ్రెంచివాళ్ళు ఎక్కువగా క్విబెక్ రాష్ట్రంలో ఉన్నారు. పక్కనే ఒంటారియో రాష్ట్రం. అక్కడ వాళ్ళు తక్కువమంది. తక్కువమంది ఉన్నచోటే కదా భాషకు కష్టం!

1912లో ఒంటారియో సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. దాన్ని 17వ నిబంధన అంటారు. బడిలో మొదటి రెండేళ్ళే ఫ్రెంచిలో పాఠాలు చెప్పాలి. తర్వాత ఇంగ్లీషులోనే చెప్పాలి. ఇంట్లో ఫ్రెంచి తప్ప వినని పిల్లలకు ఆ పాఠం ఎలా ఎక్కుతుంది?

దేశ రాజధాని ఒట్టావా. అది ఒంటారియోలోనే ఉంది. అక్కడ గీగ్ బడిలో ఇద్దరు పంతులమ్మలు ఉండేవారు. బేయాత్రీస్ దెలోజ్, దియాన్ దెలోజ్. ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. ఉత్తర్వు వచ్చినా వాళ్ళు ఫ్రెంచిలోనే చదువు చెప్పారు. పైవాళ్ళు వాళ్ళను బడి నుంచి తీసేశారు. ఇద్దరూ వేరే చోట పాఠాలు చెప్పారు. పిల్లలు వాళ్ళ వెంటే పోయారు.

1916 జనవరి. తల్లులందరూ కలిసి ఆ పంతులమ్మలను తిరిగి బడిలోకి తెచ్చారు. తలుపుల దగ్గర కాపలా కూర్చున్నారు. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళు పెద్ద టోపీలు పెట్టుకునేవారు. టోపీ జారకుండా జుట్టులో పొడుగాటి సూది గుచ్చేవారు. పోలీసులు వస్తే తల్లులు ఆ సూదులు పట్టుకుని ఎదురు నిలిచారు. వంటింటి సామాను కూడా పట్టుకున్నారు. పోలీసులు వెనక్కి తగ్గారు. బడి నడిచింది.

1927లో ఆ ఉత్తర్వును అమలు చేయడం మానుకున్నారు. ఒంటారియో సర్కారు క్షమాపణ చెప్పింది మాత్రం 2016లో. నూరేళ్ళు పట్టింది!

1969లో దేశమంతటికీ భాషల చట్టం వచ్చింది. కేంద్ర సర్కారుకు ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ సమానం అన్నారు. అంటే ప్రతి మనిషీ రెండు భాషలూ నేర్వాలని కాదు. చాలామంది ఇలాగే పొరబడతారు. నేర్వాల్సింది సర్కారు. 1982లో రాజ్యాంగంలో ఇంకో హక్కు చేర్చారు. ఏ రాష్ట్రంలోనైనా వీటిలో ఒక భాషవాళ్ళు తక్కువగా ఉంటే, పిల్లలు సరిపడా ఉన్నచోట, సర్కారు ఖర్చుతో ఆ భాషలో బడి పెట్టాలి. కానీ అక్కడి ఆదివాసుల భాషలకు చట్టం రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఇది మాత్రం అన్యాయమే.

చట్టం ఉన్నా పోరాటం తప్పలేదు. ఒట్టావాలో మోంఫోర్ అనే ఆసుపత్రి ఉంది. అక్కడ రోగులతో ఫ్రెంచిలో మాట్లాడతారు. 1997లో దాన్ని మూసేస్తామన్నారు. కడుపులో నొప్పి ఎలా ఉందో పరాయి భాషలో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. జిజేల్ లలోంద్ అనే ఆమె ముందు నిలిచింది. వేలమంది కూడారు. కోర్టుకు వెళ్ళారు. 2001లో గెలిచారు. ఆసుపత్రి నేటికీ నడుస్తున్నది.

చర్చించండి: మీ ఊరి ఆసుపత్రిలో మందుల చీటీ ఏ భాషలో రాస్తున్నారు? బ్యాంకు కాగితం మీద సంతకం చేసేముందు దాన్ని మీరు చదవగలుగుతున్నారా? తెలుగులో కావాలని అడిగితే ఏమన్నారు?