సెలోపెహాదు కుమార్తెలు – మన కుమార్తెలు

పాఠ్యభాగము: సంఖ్యాకాండము 27:1–11



తండ్రి కుమారులు లేక చనిపోగా, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుట నిలిచి తమ స్వాస్థ్యము నడిగిరి. వారి మాట న్యాయమని దేవుడే సెలవిచ్చెను. అది ఇశ్రాయేలీయులందరికి కట్టడ ఆయెను.

మన ప్రత్తిపాడు చేలలో మిరపకాయలు కోయు ఆడపిల్లల సంగతి యేమి? ఒకే పనికి తక్కువ కూలి చేతబెట్టినచోట వారు నోరెత్తలేరు. సమాన పనికి సమాన కూలి యని 1976లో చట్టము వచ్చినను, దానిని చదివి నిలిచి అడుగువారు మనలో అరుదు. అడుగుటకు ధైర్యముతోపాటు చదువును కావలెను.

1883లో డాక్టరు అన్నా కుగ్లరు అమ్మగారిని గుంటూరునకు పంపినది అమెరికా లూథరను స్త్రీల కానుకలే. వారు మన స్త్రీల ముఖములు చూడలేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులోనే స్త్రీల చదువుకై శారదా నికేతనము స్థాపించిరి. మన పిల్లలను ప్రతిదినము చూచు మనము ఏమి చేసితిమి? గుడికి సున్నము వేయించితిమి. పదవ తరగతితో పిల్లను కూలికి పంపితిమి.

కాబట్టి వండునప్పుడెల్ల గుప్పెడు బియ్యము, మిరప అమ్మిన దినమున కొంత సొమ్ము ప్రత్యేకింతము. న్యాయశాస్త్రమో సంఘసేవయో చదువగోరు పిల్లకు ఫీజు, హాస్టలు ఖర్చు దానినుండి ఇత్తము. ఎవరి యింటి పిల్లయని చూడరాదు. నెలనెల లెక్క సంఘము నెదుట చదువవలెను. ఇది అప్పు కాదు, భిక్షయు కాదు, ఆమె స్వాస్థ్యము.

ఆలోచించుడి: మన సంఘములో చదువు నిలిచిపోయిన పిల్ల యెవరు? ఈ ఆదివారము ఆమె యింటికి పోవుదము.